వన్‌టౌన్ కొండ మీద మా అమ్మ

మొన్న ఆదివారం మా ఫ్లాట్‌లో ఎండు రొయ్యలు వేయించాం. నిజాంపేట అపార్ట్‌మెంట్ల సంగతి తెలిసిందే కదా, చెయ్యి చాపితే పక్కవాళ్ళ వంటింటి కిటికీ అందుతుంది. బాండీలో రొయ్యలు చిటపటలాడటం మొదలైన కాసేపటికే ఎదురు కిటికీ ఠక్కున మూసుకుంది. మావాడు, అంటే నాతో కలిసి బతుకుతున్న మనిషి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి "ఇదేం ఘాటు, మీ అమ్మ వేయిస్తే కింద రోడ్డు మీదోళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు" అన్నాడు. చింతచిగురు నలిపి పక్కన పెట్టుకున్నా. అమ్మ పోయి ఏడాది. సంవత్సరీకం పెట్టే అర్హత మాలో ఎవరికుందో ఏ పంతులుగారినీ అడగలేదు, ఆవిడకి ఇష్టమైంది వండుకుని తిందాం అనుకున్నాం, అంతే.

అమ్మ అంటే నన్ను కన్న అమ్మ కాదు. ఆవిడ తెనాలిలో ఉంది, మోకాళ్ళ నొప్పులు తప్ప బాగానే ఉంది, ఎండు రొయ్యల పేరెత్తితే ముక్కు మూసుకుంటుంది. నేను చెప్పేది విజయవాడ అమ్మ గురించి, వన్‌టౌన్ కొండ మీద ఒక హిజ్రాల ఇంటికి పెద్ద ఆవిడ. ఇందులో ఎవరి పేర్లూ రాయను. కొందరి ఇళ్ళల్లో ఇప్పటికీ తెలీదు, తెలిసినా తెలీనట్టు ఉంటున్నారు, ఆ మాత్రం ప్రశాంతత నా వల్ల ఎందుకు చెడాలి.

మాది తెనాలిలో కిరాణా కొట్టు. తాతయ్య కాలం నుంచీ ఉన్న కొట్టు. పొద్దున్నే నాన్న కొట్టు ముందు నీళ్ళు చల్లి, గల్లాపెట్టెకి దణ్ణం పెట్టుకుని, చిట్టా తెరిచేవాడు. రాత్రి కొట్టు కట్టేశాక ఆ రోజు లెక్కలుండే చిట్టాలోంచి పేరు పేరునా లెక్కలుండే ఆవర్జాలోకి ఎక్కించడం నా పని, ఏడో తరగతి నుంచే. ఎర్రగుడ్డ అట్ట, లోపల పసుపు రంగు కాగితం, బెల్లం చింతపండు కలిసిన ఒకరకమైన వాసన. ఎవరి పేరు మీద ఎంత బాకీ ఉందో ఊళ్ళో సగం మంది సంగతి నాకు తెలుసు. ఇంట్లో మాత్రం నా సంగతి ఎవరికీ తెలీదు, లేదా అందరికీ తెలుసు, ఇప్పుడాలోచిస్తే రెండోదే నిజమేమో అనిపిస్తుంది.

మా తాతయ్యకి నాటకాల పిచ్చి. ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభ వాళ్ళ నాటకాల్లో సత్యభామ వేషం కడితే చూశానని చెప్పుకోని రోజు లేదు. జడ ఎలా తిప్పేవాడు, అలక ఎలా నటించేవాడు, పెద్దింటి ఆడవాళ్ళు సైతం ఆయన చీరకట్టు చూసి నేర్చుకున్నారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు, ఇదంతా పడక్కుర్చీలో కూర్చుని గంటలకొద్దీ చెప్పేవాడు, నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని నోరు తెరుచుకుని వినేవాణ్ణి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే పెద్దమ్మ వంగపండు రంగు చీర తీసి అద్దం ముందు కట్టుకున్నా, తాతయ్య చెప్పిన అలక నేనూ పడదామని. మా బాబాయి కొడుకు చూసి అరిచాడు. నాన్న చెయ్యి చేసుకున్నాడు. తాతయ్య పేపర్ మీంచి తల ఎత్తలేదు. తర్వాత చాలాకాలం ఆ ఇంట్లో ఎవరూ సత్యభామ ఊసెత్తలేదు.

పెళ్ళిళ్ళప్పుడు ఇంకో బాధ. మా అత్తయ్యలు వరసగా చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నట్టు ఒక్కొక్కళ్ళనీ వలిచేవాళ్ళు, నా వంతు వచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్ళు. నడక చూడు, చేతులు చూడు. అలాగని వాళ్ళేమీ రాక్షసులు కాదు. అదే అత్తయ్య నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది. దాంతోనే వచ్చింది చిక్కంతా, కోపం పెట్టుకుందామంటే నిలబడేది కాదు.

బీకాం అయ్యాక ట్యాలీ నేర్చుకుని విజయవాడలో ఉద్యోగం వెతుక్కున్నా. గవర్నర్‌పేటలో ఒక సంస్థ ఆఫీసులో అకౌంటెంట్ కావాలంటే వెళ్ళా. అప్పుడు హెచ్‌ఐవి ప్రాజెక్టుల కాలం. గేట్స్ ఫౌండేషన్ వాళ్ళ ఆవహాన్ 2003లో ఆరు రాష్ట్రాల్లో మొదలైంది, అందులో మన ఆంధ్రా ఒకటి, ఆ డబ్బు, గవర్నమెంటు డబ్బు అన్నీ కలిసి కోస్తా పట్నాల్లో వీధి వీధికీ ఏదో ఒక బోర్డు వెలిసింది. ఈ ఆఫీసు మేడ మీద డ్రాప్-ఇన్ సెంటర్, అంటే హిజ్రాలు, మాలాంటివాళ్ళు వచ్చి కాసేపు కూర్చునే చోటు, డిఐసి అనేవాళ్ళం. నాకు పని కింద. మేడ మీదికి ఎవరెవరు వెళ్తారో ఇంటర్వ్యూలోనే చెప్పారు, "మీకేం ఇబ్బంది లేదుగా" అని కూడా అడిగారు. లేదండీ అన్నా. గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు.

రోజూ తెనాలి నుంచి ప్యాసింజర్‌లో రావడం. దుగ్గిరాల రాగానే పసుపు యార్డు వాసన పెట్టె నిండా, తర్వాత కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగి ఆగి ప్రాణం తీసేవాడు, బ్రిడ్జి మీదకొచ్చాక జనం నదిలోకి చిల్లర విసిరేవాళ్ళు, రైలు చప్పుడే మారిపోయేది.

మొదటి నెల జీతాల రోజు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఓచర్లు సర్దుతుంటే వెనకనుంచి "ఏమే, డబ్బులెప్పుడే" అని ఒక గొంతు. ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగా. గుమ్మంలో ఒకావిడ, పొడుగు మనిషి, ముదురాకుపచ్చ నేత చీర, రూపాయి బిళ్ళంత బొట్టు, ముక్కుకి రెండువైపులా పుడకలు. "నిన్నేనే, లెక్కల పిల్లా" అంది. నా మొహం ఎలా మారిందో చూసి ఇంకేమీ అనకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పటిదాకా నేనెవరికీ ఏమీ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు.

ఆవిడ ప్రాజెక్టులో అవుట్‌రీచ్ వర్కర్. అది జీతం కోసం. అసలైతే వన్‌టౌన్ కొండ మీద ఒక ఇల్లు, ఆ ఇంటికి ఆవిడ గురువు, చేలాలు అంటే శిష్యులు ఉన్నారు, చేలాల చేలాలు ఉన్నారు. వీళ్ళు కాక మాలాంటి ప్యాంటు షర్టు కోతీలు, అంటే మగ బట్టల్లోనే ఉండే ఆడ తీరు మనుషులు కొందరు, వాళ్ళందరికీ ఆవిడ అమ్మ. జమాత్, అంటే హిజ్రాల సంఘం లెక్కలో మేం లేము, చేలాగా చేర్చుకునే రీతు పడలేదు, కానీ ఆవిడ మనసులో లెక్క వేరే ఉండేది. హైదరాబాద్ వైపు పాలు తాగించి కూతుర్ని చేసుకునే ఆచారం ఉందంటారు. నాకు మాత్రం ఒక సాయంత్రం అందరి ముందూ స్టీలు గ్లాసుతో హార్లిక్స్ ఇచ్చి "ఇది నా కూతురు, ఎవత్తయినా ఏమన్నా అంటే చెప్పు తీస్తా" అంది. అయిపోయింది తంతు.

మేడ మీది గది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. గోడంత అద్దం, దాని ముందు ఎప్పుడూ ముగ్గురు నలుగురు. చిమ్టాతో గడ్డం వెంట్రుకలు పీక్కునే టిక్ టిక్ చప్పుడు, క్యారమ్ బోర్డు, మూలన నిరోధ్ అట్టపెట్టెలు బల్లలా వాడుకునేవాళ్ళు, వాటిమీద టీ గ్లాసుల గుండ్రటి మరకలు. నిరోధ్ డెమో కోసం పెట్టిన చెక్క బొమ్మకి ఎవరో కాటుక బొట్టు పెట్టారు, ఢిల్లీ నుంచి ఎవరైనా చూడ్డానికొచ్చే ముందు దాన్ని తుడవడం ఒక పని. ఓచర్ల మీద సంతకాలతో నాకు రోజూ గొడవే. రేషన్ కార్డులో ఒక పేరు, మనిషికి ఒక పేరు. ఆడిటర్ వచ్చి ఈ రెండు పేర్లూ ఒకరివేనని రుజువేంటి అంటే అమ్మ పైనుంచి దిగొచ్చి "మీ ఆవిడకి పెళ్ళయ్యాక ఇంటిపేరు మారలా సార్?" అంది. ఆయన మారుమాట్లాడకుండా టిక్కు పెట్టుకున్నాడు.

2009 జూలై 2న మాలాంటివాళ్ళని నేరస్థులుగా చూసే 377 సెక్షన్ మీద ఢిల్లీ హైకోర్టు మంచి తీర్పు ఇచ్చినప్పుడు అందరం ఆ గదిలోనే టీవీ ముందు ఉన్నాం. కొందరు ఏడ్చారు, నెల్లూరు అక్క డాన్స్ చేసింది. కాకినాడ అక్క మాత్రం "ఢిల్లీలో చెప్పింది పార్కు దగ్గర కానిస్టేబుల్‌కి ఎవరు చెప్తారే" అంది. ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసినప్పుడు టీవీ ముందు కూర్చోవడానికి ఆ గదే లేదు, ప్రాజెక్టు చేతులు మారి సెంటర్ ఎత్తేశారు. 2018లో చివరికి మళ్ళీ మంచి తీర్పు వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నా, అమ్మే ఫోన్ చేసింది. "ఏమే, ఇవాళ్టి నుంచి నువ్వు దొంగవి కాదంట కదా, భోజనం చేశావా?"

కొండ మీద ఇంటికి ఎన్ని మెట్లో ఎక్కినవాళ్ళకే తెలుసు. కింద పంపు దగ్గర ప్లాస్టిక్ బిందెలు నింపుకుని చంకనేసుకుని ఎక్కాలి. రేకుల ఇల్లు, రెండు గదులు, ముందు చిన్న అరుగు. అరుగు మీద కూర్చుంటే కింద కృష్ణ, బ్యారేజీ లైట్లు, రైల్వే యార్డులో డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు, తెల్లారుజామున అమ్మవారి గుడి మైకు, మసీదు మైకు ఒకదాని తర్వాత ఒకటి. భవానీల సీజన్లో కిందంతా ఎర్రగా జనం. శనివారం రాత్రి రైలు వదిలేసి అక్కడే పడుకునేవాణ్ణి, ఇంట్లో ఆడిటింగ్ అని చెప్పి.

సాయంత్రం దుకాణాల్లో మంగ్తికి, అంటే అడుక్కోవడానికి వెళ్ళిన అక్కలు వచ్చి కొంగులు దులిపేవాళ్ళు. చాప మీద చిల్లర కుప్ప. దాన్ని రూపాయలు, రెండు రూపాయలు, అయిదులు విడదీసి దొంతర్లు పెట్టడం నా డ్యూటీ, కొట్టులో పెరిగినవాణ్ణి కదా, అందరికంటే స్పీడుగా పెట్టేవాణ్ణి. ఒకసారి మాటల్లో మా నాన్నకి చిల్లరకి ఎప్పుడూ కటకటే అని చెప్పా. మర్నాడు అమ్మ గుడ్డ సంచిలో నాణేలు పోసి మూతి కట్టి "మీ నాన్నకియ్యి, నోట్లు తెచ్చివ్వు, వాళ్ళకీ వీళ్ళకీ కమిషనిచ్చి మార్చుకునే బదులు ఇంట్లోవాళ్ళకే ఇద్దాం" అంది. ఇంట్లోవాళ్ళు అంది! అప్పట్నించీ అదొక అలవాటైంది. ప్యాసింజర్‌లో ఒళ్ళో బరువు సంచి పెట్టుకుని తెనాలి దాకా. నాన్న "ఎక్కడిదిరా ఇంత చిల్లర" అంటే ఆఫీసులో అనేవాణ్ణి. అబద్ధం కూడా కాదు. తమాషా ఏంటంటే మా గల్లాపెట్టె అడుగున తాతయ్య కాలం నాటి ఒక రూపాయి బిళ్ళ ఉండేది, కొట్టు తెరిచిన రోజున ఎవరో హిజ్రా దీవించి తిరిగిచ్చిందట, దాన్ని నాన్న శుక్రవారం శుక్రవారం కడిగి బొట్టు పెట్టేవాడు. ఆ పెట్టెలోకే నేను తెచ్చిన సంచి గలగలా పడేది.

ఇదంతా చదివి అక్కడేదో ప్రేమ ఏరులై పారింది అనుకోకండి. ఆ ఇంట్లో ఉన్నన్ని రూల్స్ మా కిరాణా కొట్టులో కూడా లేవు. లోపలికి రాగానే పెద్దవాళ్ళకి "పావ్ పడ్తీ", అంటే కాళ్ళకి మొక్కుతున్నా అనాలి. పెద్దవాళ్ళ కొంగు దాటకూడదు. చెప్పకుండా ఇంకో ఇంటికెళ్తే దండగ కట్టాలి. నెల్లూరు అక్కా కాకినాడ అక్కా ఒక పోచంపల్లి చీర దగ్గర పట్టుకుని ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు, ఒకే కంచం కడుక్కుంటూ. ఒక అక్క నమ్మి బావకి, అంటే తన మనిషికి, ఆటో కొనిపెడితే ఆటోతో సహా మాయమయ్యాడు. అప్పుడు అమ్మ ఓదార్చలేదు, బాగా తిట్టింది, తిట్టి తన గాజులు తాకట్టు పెట్టి ఫైనాన్స్ వాడికి కట్టింది, ఆ అప్పు ఆ అక్క దగ్గర పైసా వదలకుండా వసూలు చేసింది. నాకు నచ్చింది అదే అనుకుంటా. మా చుట్టాల్లో బాకీలు మనసులో దాచుకుని పెళ్ళిళ్ళలో తీర్చుకునేవాళ్ళు. ఇక్కడ అన్నీ పుస్తకంలో ఉండేవి.

పుస్తకం అంటే చీటీ పుస్తకం. అమ్మ చీటీ నడిపేది. నెలకోసారి అరుగు మీద పాట. పాడుకున్నవాళ్ళు చీరలు కొన్నారు, గదికి అడ్వాన్స్ కట్టారు, ఒకళ్ళు ఆడదయ్యే ఆపరేషన్‌కి వెళ్ళారు. అంతకుముందు డాక్టర్లు కాని దాయీల చేతుల్లో అయ్యేది, బతికితే బతికినట్టు. ఆ అక్క తిరిగొచ్చాక నలభై రోజులూ బయటికి రానివ్వకుండా, అద్దం చూడనివ్వకుండా అమ్మే వేడినీళ్ళు కాచి చూసింది, తర్వాత హిజ్రాలు కొలిచే మాతకి పాలు పోసే పూజకి మొత్తం ఖర్చు చీటీలోంచే. నేను వచ్చాక ఆ పుస్తకానికి చిట్టా, ఆవర్జా అని రెండు పెట్టించా. "కోమట్ల పిల్ల రావడం ఇంటికి మంచిదైంది" అనేది.

ఎండు రొయ్యలు నేను మొదటిసారి తిన్నది అక్కడే. మా ఇంట్లో ఉల్లిపాయ కూడా ఏకాదశి నాడు నిషేధం. నా కంచంలో వేస్తూ "తింటావా, తినవా? తినకపోతే పప్పు ఉంది, బలవంతం లేదు" అంది. చింతచిగురు పులుపులో ఆ కరకర. ఆ రాత్రి షర్టు నిండా వాసన, తెల్లారి రైలెక్కబోతూ స్టేషన్ పంపు దగ్గర షర్టు విప్పి ఉతుక్కున్నా.

మా మధ్యలోంచి ఒక చెల్లి పోయింది. 2004లోనే గవర్నమెంటు ఆస్పత్రుల్లో హెచ్‌ఐవికి వాడే ఏఆర్‌టి మందులు ఫ్రీగా ఇవ్వడం మొదలుపెట్టినా, అక్కడ క్యూలో నిలబడితే ఎవరు చూస్తారోనని తను వెళ్ళలేదు. అమ్మ ఎంత చెప్పినా వినలేదు. పోయాక ఊరినుంచి వాళ్ళ వాళ్ళొచ్చారు. మమ్మల్ని గేటు బయటే ఆపారు. జుట్టు కత్తిరించి ప్యాంటు షర్టు వేసి తీసుకెళ్ళారు. నడుం దాటి ఉండేది ఆ జుట్టు. రోజూ అమ్మే దువ్వేది. ఆ రోజు నుంచే అమ్మ ట్రంకుపెట్టెలో ఒక పట్టుచీర, పసుపు కొమ్ము, గాజులు, ఖర్చులకి డబ్బు మూటకట్టి పెట్టుకుంది. "నాకు చీరే కట్టాలి. చెప్పలేదనొద్దు" అని ప్రతి పండక్కీ ఒకసారి గుర్తు చేసేది, ఉగాది పచ్చడి పంచుతూ కూడా.

2016 కృష్ణా పుష్కరాలకి మా అమ్మ, తెనాలమ్మ, స్నానానికి వస్తానంది. ఘాట్ల దగ్గర జనాన్ని చూసి భయపడి ఎక్కడైనా కాసేపు కూర్చుందాం అంటే తీసుకెళ్ళా, మెట్లన్నీ ఎక్కించి. మా ఆఫీసు మేడమ్ ఇల్లు అని చెప్పా. మేమొచ్చినా రావచ్చని విజయవాడ అమ్మ ముందురోజే కొత్త గిన్నెలు కొని, ఇల్లు కడిగి, ఉల్లి వెల్లుల్లి లేకుండా పులిహోర, పెసరపప్పు పాయసం చేయించింది, ఆ రోజు కొండ మీద మా ఇంట్లో ఒక్క రొయ్య లేదు. మా అమ్మ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. అంతా అర్థమైంది ఆవిడకి, అమాయకురాలు ఏమీ కాదు. లోపలికొచ్చి కూర్చుంది. ఇద్దరూ ముందు ఎండల గురించి, తర్వాత మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. తర్వాత నా గురించి, నేను ఎదురుగా లేనట్టే.

"వీడు సరిగా తినడమ్మా."

"తినడండీ, అన్నం కెలుకుతాడు. చిన్నప్పటి నుంచీ ఇంతేనా?"

నేను విన్నంతలో అమ్మ నన్ను "వాడు" అనడం అదొక్కసారే. వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్ళు ఇచ్చింది. మా అమ్మ తీసుకుంది. రైల్లో దుగ్గిరాల దాకా ఏమీ మాట్లాడలేదు, తర్వాత "పాయసం బాగుంది, బెల్లం మనది లాగే ఉంది" అంది. మనదే, నేనే కొట్టులోంచి తెచ్చా. ఆ తర్వాత పెళ్ళిచూపుల ఊసు తగ్గింది, పూర్తిగా ఆగలేదనుకోండి. జాకెట్టు ముక్క కుట్టించుకుందో లేదో అడగలేదు.

అమ్మ పోయినప్పుడు ఆస్పత్రిలో అదే పాత ప్రశ్న, రక్తసంబంధీకులు ఎవరు? 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి ఉత్తరం రాసింది, దగ్గరి చుట్టాలు లేనప్పుడు మాలాంటి జంటల్లో ఒకరి శవాన్ని ఇంకొకరు తీసుకోవచ్చని. నేనది ఫోన్లో చూపించా. కౌంటర్ దగ్గర వాళ్ళు చదివారు కూడా. కానీ అందులో ఉన్నది భాగస్వామి, అమ్మకి భాగస్వామి లేడు, ఉన్నది కూతుళ్ళు, వరండా నిండా. చివరికి గుడివాడ వైపు ఉన్న ఆవిడ తమ్ముడి నంబర్ ట్రంకుపెట్టెలో ఒక చీటీ మీద దొరికింది. తెల్లారేసరికి వచ్చాడు. మా అందరికీ ఒకటే భయం. పెద్దాయన, పంచె, చేతిలో ఆధార్ జిరాక్స్. సంతకం పెట్టి, బయటికొచ్చి, మా వైపు చూసి "మీరెలా అనుకుంటే అలా చెయ్యండమ్మా, నాకు తెలీదు మీ పద్ధతులు" అన్నాడు. నెల్లూరు అక్క అక్కడే కింద కూలబడింది.

చీర కట్టాం. కృష్ణలంకలో దహనం. యూట్యూబుల్లో చెప్తుంటారే, అర్ధరాత్రి తీసుకెళ్తారు, చెప్పులతో కొడతారు అని, ఆ చెత్తంతా నమ్మేవాళ్ళు ఒకసారి ఆ మధ్యాహ్నం అక్కడ ఉండాల్సింది. ఎండ మాడిపోతోంది. కాళేశ్వరరావు మార్కెట్ నుంచి ఉల్లిపాయల షాపాయన, నిమ్మకాయల ముసలామె కూడా వచ్చారు. కొరివి ఎవరు పెట్టాలని పెద్ద తగువు జరిగింది, పెద్ద చేలా అని ఒకరు, తమ్ముడని ఒకరు. తమ్ముడుగారు నిప్పు పట్టుకుని, పెద్ద చేలాని ముందుకి లాగి, ఇద్దరూ కలిసి పెట్టారు. అక్కడికి తగువు ఆగిందా అంటే ఆగలేదు, కుండ ఎవరు కొట్టాలని మళ్ళీ మొదలైంది.

మావాడితో నేనుంటున్నది చాలాకాలంగా. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు పెళ్ళి హక్కు ఇవ్వడం మా చేతిలో లేదు, అది పార్లమెంటు పని అనేసింది కాబట్టి పెళ్ళి అయినట్టు చెప్పుకోవడానికి లేదు. బ్యాంకులో జాయింట్ ఖాతా మాత్రం తెరిచాం, దానికి అడ్డు లేదని 2024లోనే ఆర్థికశాఖ చెప్పింది. నామినీ దగ్గర అతని పేరు రాయడం చూసి క్లర్కు అమ్మాయి "ఫ్రెండా సార్?" అంది, "ఇంట్లోవాడు" అన్నా, టైప్ చేసుకుంది.

చీటీ ఆగలేదు. అమ్మ పోయాక పుస్తకాలు రెండూ నా దగ్గరికి పంపారు, లెక్కల పిల్ల దగ్గరే ఉండాలని. ఇప్పుడు పాట వాట్సాప్‌లో, నెల మొదటి ఆదివారం రాత్రి, డబ్బులు ఫోన్‌పేలో. నెల్లూరు అక్క ఇంకా స్క్రీన్‌షాట్ పెట్టడం నేర్చుకోలేదు, డబ్బు పంపి నాకు ఫోన్ చేసి "పడిందా, పడిందా" అని అరుస్తుంది. ఈ నెల పాట కాకినాడ అక్కకి పోయింది, ఇంటికి రేకులు మార్పించుకుంటుందట. నెల్లూరు అక్క తన వాటా ఇంకా కట్టలేదు, అడిగితే "ముందు దాన్ని నా పోచంపల్లి చీర ఇమ్మను" అంటోంది. దండగ రాసుకున్నా.